పాంగాంగ్ మీది వెలుగులు: రాత్రి కాపలాలో నా అనుభవం

లద్దాఖ్‌లో నేను చేసిన పనులన్నిటిలో విసుగు పుట్టించింది లాగ్‌బుక్ రాయడమే. 2012 చివరి నెలలు అవి. మా పోస్టు పాంగాంగ్ సరస్సుకు దక్షిణాన ఉండేది. చీకటి పడ్డాక తూర్పున, అంటే చైనా వైపు కొండల మీద, పసుపుపచ్చని వెలుగు ఒకటి లేచేది. నింపాదిగా పైకి ఎక్కి గంటల తరబడి ఆకాశంలో ఉండేది. తెల్లవారుజామున అటువైపు నుంచే మరొకటి వచ్చేది, మొదటిదాని కంటే కాంతివంతంగా.

డ్రోన్లేమోనని అనుమానం. రాడార్‌కు ఏమీ చిక్కలేదని, రేడియో సంకేతాలను పసిగట్టే స్పెక్ట్రమ్ ఎనలైజర్‌కు ఏవీ అందలేదని ఆ నవంబరులో పత్రికలు కూడా రాశాయి. మా స్థాయిలో మాత్రం ఉన్నది ఒకటే ఆజ్ఞ: కనిపించిన ప్రతిసారీ రాయాలి. సమయం, దిక్కు, ఎత్తు, కదిలిన తీరు. దిక్కుకు కంపాస్ ఉంది. ఎత్తుకు చెయ్యి చాచి పిడికిలి పట్టేవాళ్ళం, ఒక పిడికిలి సుమారు పది డిగ్రీలు. ఆ చలిలో గ్లౌజు తీసి పెన్ను పట్టడమే ఒక యుద్ధం. సిరా గడ్డకట్టేది, అందుకని పెన్సిల్‌తో రాసేవాణ్ణి.

చిక్కంతా "రేఖ దాటిందా?" అన్న ప్రశ్న దగ్గరే. రేఖ అంటే వాస్తవాధీన రేఖ, భారత్, చైనాల ఆధీనంలోని ప్రాంతాలను వేరుచేసే గీత. చీకట్లో ఒంటరి వెలుగు ఎంత దూరంలో ఉందో కంటితో చెప్పడం ఎవరి తరమూ కాదు. అయిదు కిలోమీటర్లు కావచ్చు, అయిదు వందలూ కావచ్చు. మన కొండ శిఖరం పైకి వస్తే దాటినట్టే అనిపిస్తుంది. మనం నడుస్తుంటే తోడు వస్తున్నట్టూ ఉంటుంది. ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా సైన్యం నమోదు చేసిన 329 సందర్భాల్లో 155 సార్లు వాస్తవాధీన రేఖ దాటినట్టు ఉండడం నాకేమీ వింత కాదు.

ముడి విప్పింది బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతిక విజ్ఞాన సంస్థ. లద్దాఖ్‌లోనే హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున వాళ్ళ టెలిస్కోపు ఉంది. ఇవి ఆకాశానివా, భూమి మీదివా తేల్చమని వాళ్ళను అడిగారు. మేము విసుక్కుంటూ నింపిన గళ్ళకు అప్పుడు విలువ వచ్చింది. నక్షత్రం రోజూ దాదాపు నాలుగు నిమిషాలు ముందుగా ఉదయిస్తుంది. మా సాయంత్రపు వెలుగు కూడా రోజురోజుకూ ముందుగానే వస్తోంది, కానీ నక్షత్రాల లెక్కకు సరిగ్గా అతకడం లేదు. తెల్లవారుజాముది అందుకు విరుద్ధంగా రోజూ ఆలస్యం చేస్తోంది. నక్షత్రాల మధ్య ఇలా తమ దారిన తాము జరిగేవి గ్రహాలే. మొదటిది గురుడు, రెండోది శుక్రుడు. పల్చని గాలి వల్ల అక్కడ అవి మైదానాల్లో కంటే మరింత ప్రకాశంగా కనిపిస్తాయి.

సంగతి పత్రికల్లో వచ్చింది 2013 జూలైలో. సెలవు మీద ఊరికి వెళితే అందరూ ఒకటే నవ్వు. మా నాన్న పాత పంచాంగం తీసి మరీ చూపించాడు. "నిరుడు గురుడు వృషభంలోకి వచ్చాడనే కదరా నర్మదకు పుష్కరాలు జరిగాయి. చలికాలమంతా రోహిణిలోనే ఉన్నాడు. నన్నడిగితే చెప్పేవాణ్ణి కదా!" నిజమే, నాన్న లెక్క తప్పు కాదు. కానీ కాపలా గురించి ఇంట్లో చెప్పకూడదు. చెప్పినా, గురుడు ఫలానా చోట ఉన్నాడన్నంత మాత్రాన మేము చూసింది గురుణ్ణేనని రుజువు కాదు. పైగా అది సరిహద్దు. ఆ ఏప్రిల్‌లోనే లద్దాఖ్‌లోని దెప్సాంగ్‌లో చైనా సైనికులు గుడారాలు వేసి మూడు వారాలు కదల్లేదు. అలాంటి చోట వెలుగు కనిపిస్తే "చుక్కలే" అని పడుకునే సెంట్రీని నేనైతే డ్యూటీలో ఉంచను.

సెలవు ముగించుకుని పోస్టుకు తిరిగి వెళ్ళాక లాగ్‌బుక్‌లో నా అంతట నేనే ఒక గడి అదనంగా గీసుకున్నాను: నిన్న ఇదే వెలుగు ఎన్ని గంటలకు వచ్చింది?