ఒక్క ట్యాగు తీయబోయి అన్నీ తుడిచేశాను: సెక్యూరిటీ స్పెషాలిటీ ప్రిపరేషన్ అనుభవం

అమెజాన్ క్లౌడ్ సేవ అయిన ఏడబ్ల్యూఎస్ వారి సెక్యూరిటీ స్పెషాలిటీ సర్టిఫికేషన్ పరీక్షకు చదివేటప్పుడు కేఎంఎస్ (ఎన్‌క్రిప్షన్ తాళాల సేవ), గార్డ్‌డ్యూటీ (ముప్పులను పసిగట్టే సేవ)లకు వారాల తరబడి సమయం ఇచ్చాను. ట్యాగుల (రిసోర్స్‌లకు, అంటే క్లౌడ్‌లో మనం వాడే వాటికి తగిలించే కీ-విలువ జతల) పాఠం వచ్చేసరికి మాత్రం, బిల్లుల లెక్క కోసం అంటించే చీటీలే కదా అని పేజీ తిప్పేశాను. ప్రాక్టీస్ ఖాతాలో చేతులారా చేసిన ఒక పొరపాటు లేకపోతే పరీక్ష హాలుకూ అదే అభిప్రాయంతో వెళ్లేదాన్ని.

ఆ రోజు నేను సాధన చేస్తున్నది ఏబీఏసీ. యూజర్‌కు ఉన్న ట్యాగునూ, రిసోర్స్‌కు ఉన్న ట్యాగునూ పోల్చి అనుమతి ఇచ్చే పద్ధతి అది. నా పాలసీ (అనుమతుల నియమం) చిన్నదే: ‘టీమ్’ ట్యాగు విలువ రెండు వైపులా ఒకటే అయితే ఆ ఈసీ2 ఇన్‌స్టాన్స్‌ను (క్లౌడ్‌లో అద్దెకు తీసుకునే కంప్యూటర్‌ను) నడపవచ్చు, ఆపవచ్చు. బాగానే పనిచేసింది. ఇక అదనంగా ఉన్న ‘టెస్ట్’ ట్యాగు తీసేద్దామని అడ్మిన్ ప్రొఫైల్‌తో ‘ఏడబ్ల్యూఎస్ ఈసీ2 డిలీట్-ట్యాగ్స్’ కొట్టి, రిసోర్సెస్ దగ్గర ఇన్‌స్టాన్స్ ఐడీ ఇచ్చాను. ఏ ట్యాగు తీయాలో చెప్పే ‘ట్యాగ్స్’ భాగం రాయకుండానే ఎంటర్ నొక్కాను.

ఎర్రర్ రాలేదు, హెచ్చరికా రాలేదు. కన్సోల్ తెరిచి చూస్తే ఇన్‌స్టాన్స్‌కు పేరు కూడా లేదు. మనం పేరు అనుకునేది కూడా ‘నేమ్’ అనే ట్యాగే మరి! ప్రాక్టీస్ యూజర్‌గా వచ్చి ఇన్‌స్టాన్స్‌ను ఆపబోతే అనుమతి లేదంది. ‘ట్యాగ్స్’ భాగం ఇవ్వకపోతే మనం పెట్టిన ట్యాగులన్నీ పోతాయనీ, ‘ఏడబ్ల్యూఎస్:’ అని మొదలయ్యేవి మాత్రమే మిగులుతాయనీ డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే ఉంది. చదవనిది నేనే.

ఆ రాత్రంతా ఈ ఒక్క కమాండ్‌తోనే కూర్చున్నాను. కీ మాత్రమే ఇస్తే విలువ ఏదైనా ఆ ట్యాగు పోతుంది. కీతో పాటు విలువగా ఖాళీ స్ట్రింగ్ ఇస్తే, నిజంగా ఖాళీ విలువ ఉన్నప్పుడే పోతుంది. డ్రై-రన్ (నిజంగా అమలు చేయకుండా పరీక్షించే ఆప్షన్) పెడితే గట్టెక్కేదాన్నేమో అనుకున్నాను. కానీ అది అనుమతి ఉందో లేదో చెబుతుందే తప్ప ఏవేవి పోతాయో చూపదు. పైగా అనుమతి ఉన్నా జవాబు ఎర్రర్ రూపంలోనే వస్తుంది, మొదటిసారి చూసినవాళ్లు కంగారుపడతారు. ఎస్3 బకెట్ (ఫైళ్లు దాచే చోటు) దగ్గర మరో తిరకాసు: ‘డిలీట్-బకెట్-ట్యాగింగ్’కు కీ ఇచ్చే వీలే లేదు, మొత్తం ట్యాగులను ఊడ్చేస్తుంది. ఈ తరహా కమాండ్లతో ఒక్కటే తీయాలంటే ఉన్నవన్నీ తెచ్చుకుని, అక్కర్లేనిది తీసి, మిగతావి ‘పుట్-బకెట్-ట్యాగింగ్’తో మళ్లీ పెట్టాలి. ఐఏఎం రోల్‌కైతే (అనుమతులు జతచేసిన గుర్తింపుకైతే) ‘అన్‌ట్యాగ్-రోల్’, దానికి కీలు ఇస్తే చాలు.

పరీక్షలో వచ్చిన ప్రశ్నలు బయటపెట్టబోమని ఒప్పుకునే రాస్తాం కాబట్టి అవి అడగవద్దు. నేను తయారైన తీరు మాత్రం చెబుతాను. ప్రతి పాలసీ ముందూ ఒకటే ప్రశ్న వేసుకున్నాను: ఈ ట్యాగును ఎవరైనా తీసేస్తే ఏమవుతుంది? ట్యాగు ఉంటే ‘అలౌ’ (అనుమతించు) అని రాస్తే, ట్యాగు పోయినప్పుడు తలుపు మూసుకుంటుంది. ట్యాగు ఉంటే ‘డినై’ (నిరాకరించు) అని రాస్తే, అదే తలుపు తెరుచుకుంటుంది. అంటే డిలీట్-ట్యాగ్స్ అనుమతి ఉన్నవాడు పాలసీని ముట్టుకోకుండానే ఆంక్ష దాటేస్తాడు. ‘స్ట్రింగ్‌నాట్‌ఈక్వల్స్’ (విలువ సమానం కాకపోతే) లాంటి వ్యతిరేక షరతులు, కీ అసలు లేకపోయినా నిజమే అవుతాయి. ‘ఫర్‌ఆల్‌వాల్యూస్’ (విలువలన్నీ షరతుకు సరిపోవాలనేది) కూడా అభ్యర్థనలో కీలు ఏవీ లేకపోతే నిజమైపోతుంది, అందుకే ‘అలౌ’లో వాడితే పక్కన ‘నల్’ (కీ ఉందా లేదా చూసే) షరతు జోడించాలి. దీన్ని కాగితం మీద నాలుగైదు సార్లు రాసుకుంటే కానీ నాకు ఎక్కలేదు.

ఆర్గనైజేషన్స్ (పలు ఖాతాలను కలిపి నిర్వహించే సేవ)లోని ట్యాగ్ పాలసీ, ఎస్‌సీపీ (ఖాతాల్లో అనుమతుల గరిష్ఠ హద్దు పెట్టే పాలసీ) ఒకటే అనుకుని మాక్ టెస్టుల్లో చాలా మార్కులు పోగొట్టుకున్నాను. మొదటిది ట్యాగు విలువలూ అక్షరాలూ ఒకే తీరుగా ఉండేలా చూస్తుంది. ట్యాగులు తీసేయకుండా ఆపాలంటే డిలీట్-ట్యాగ్స్‌ను నిరాకరించే ఎస్‌సీపీ కావాలి. ఎవరు, ఎప్పుడు తీశారో క్లౌడ్‌ట్రైల్ (ఖాతాలో జరిగిన చర్యల లాగ్) చెబుతుంది. పాత విలువలు తెలియాలంటే ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగ్ (రిసోర్స్‌ల మార్పులను నమోదు చేసే సేవ) ముందే నడుస్తూ ఉండాలి. నా ఖాతాలో నడవలేదు. ట్యాగులన్నీ గుర్తు తెచ్చుకుని చేత్తో పెట్టుకున్నాను. ఇప్పుడు ఏది తీసినా ముందు ‘డిస్క్రైబ్-ట్యాగ్స్’ ఫలితాన్ని ఒక ఫైల్‌లో దాచుకుంటున్నాను.

నేను రాసింది ఈ పరీక్ష ఎస్‌సీఎస్-సీ02 వెర్షన్. 65 ప్రశ్నలు, 170 నిమిషాలు, గట్టెక్కడానికి 1000కి 750. ఆ 65లో 15 ప్రశ్నలకు మార్కులు లెక్కపెట్టరు, అవేవో మనకు తెలియదు. మీరు రాసే వెర్షన్‌కు గైడ్ తప్పకుండా చూసుకోండి. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు అడిగితే అదనంగా 30 నిమిషాలు ఇస్తారు, అయితే పరీక్ష బుక్ చేసుకోకముందే అడగాలి. ఆ సంగతి నాకు బుక్ చేశాక తెలిసింది, 170 నిమిషాల్లోనే రాసి వచ్చాను.