రెండు వేళ్ళతో వాయించిన రోజులు

రాక్‌లో పనితనం గొప్పదా, సొంత ముద్ర గొప్పదా? మా బ్యాండ్‌లో ఈ మాట లేచిందంటే ఆ రోజుకి ప్రాక్టీస్ అయిపోయినట్టే. బేస్ గిటార్ వాయించే మా మిత్రుడిది సొంత ముద్ర పక్షం. 1976లో పంక్ బ్యాండ్ రామోన్స్ మూడు నాలుగు కార్డులతో (కలిపి మోగించే స్వరాల గుత్తులతో) చేసిన పని, స్కేల్స్ అన్నీ బట్టీ కొట్టినవాళ్ళు చేయలేకపోయారంటాడు. గిటార్ వాయించే నాది పనితనం పక్షం. 1978లో గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ 'ఎరప్షన్' విడుదలయ్యేనాటికే ట్యాపింగ్, అంటే రెండు చేతుల వేళ్ళతోనూ తీగలను నెక్ మీద తట్టి వాయించడం, ఉంది. రెండు నిమిషాలైనా లేని ఆ ముక్కతో దాన్ని ప్రపంచమంతా నేర్చుకునేలా చేసింది మాత్రం ఆ చేతులే.

ఇద్దరం ఇలా వాదించుకుంటున్న రోజుల్లోనే నా ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కడం మొదలైంది. మోచెయ్యి మడిచి పడుకుంటే తెల్లారేసరికి ఆ రెండూ మొద్దుబారి ఉండేవి. కాసేపు విదిలిస్తే సర్దుకునేవి కాబట్టి పెద్దగా పట్టించుకోలేదు. ఒక క్లినిక్‌లో మెడ నరం అయి ఉంటుందని చెప్పి బి-12 మాత్రలు రాశారు. వాడుతూ వచ్చాను. ఈలోగా చిటికెన వేలు తీగ మీద పడుతోంది గానీ నొక్కడం లేదు. స్వరం రావాల్సిన చోట జర్రుమనే చప్పుడు. షర్టు గుండీలు పెట్టుకోవడమూ ఆలస్యమైపోయింది. ఒకరోజు అద్దం ముందు చూసుకుంటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే కండ లోపలికి పోయి గుంట పడి ఉంది. అప్పుడు భయం వేసింది.

న్యూరాలజిస్ట్ ఒక కాగితం ఇచ్చి బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకోమన్నారు. కుడిచేతిలో ఉన్నప్పుడు ఆయన లాగితే కాగితం కదల్లేదు. ఎడమచేతిలో గట్టిగా ఆపబోతే బొటనవేలి కణుపు దానంతట అదే వంగిపోయి కాగితం జారిపోయింది. "గిటార్ ఎలా పట్టుకుంటారో ఒకసారి చూపించండి" అన్నారు. చూపించాను. నా మోచెయ్యి ఎంత మడిచి ఉందో చూసి తలూపారు. నెర్వ్ కండక్షన్ టెస్టులో తేలింది: క్యూబిటల్ టన్నెల్ సిండ్రోమ్. మోచెయ్యి దేనికైనా తగిలితే చిటికెన వేలి దాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుందే, ఆ అల్నార్ నరం అక్కడ సన్నని దారిలో నలిగిపోతోంది. చెయ్యి మడిచినకొద్దీ నరం సాగుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. కండ తగ్గడం మొదలైంది కాబట్టి ఇక ఆగొద్దన్నారు. ఆపరేషన్ చేసి, నరం మీద బిగుసుకున్న పొరను కోసి వదులు చేశారు.

నరం కోలుకోవడం ఎంత నిదానమో అప్పటిదాకా నాకు తెలియదు. దెబ్బతిన్న నరం పోగు తిరిగి పెరగాలంటే రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. మోచేతి నుంచి వేలికొన దాకా ఎంత దూరమో చూసుకుని నెలలు లెక్కపెట్టుకున్నాను. ఫిజియోథెరపిస్ట్ ఇచ్చిన మెత్తని పుట్టీ ముద్ద పిసకడం, వేళ్ళకు రబ్బరు బ్యాండు వేసి విప్పార్చడం, ఇదే పని. అమ్మ ఒక పళ్ళెంలో చింతపిక్కలు పోసి ముందు పెట్టేది. బొటనవేలు, చిటికెన వేలు కలిపి ఒక్కొక్కటీ తీయాలి. నున్నటి పిక్క, పట్టుకున్నట్టే ఉండి జారిపోయేది. "కంగారేం లేదు నాన్నా, మెల్లగా తియ్యి" అనేది అమ్మ. నాకేమో లోపల ఒకటే టెన్షన్, ఈ చెయ్యి మళ్ళీ తీగ మీదికి వస్తుందా అని.

బేస్ మిత్రుడు తరచూ ఇంటికొచ్చేవాడు. నన్ను ఊరడించడానికే కావొచ్చు, బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గిటారిస్టు టోనీ అయోమీ సంగతి ఎత్తాడు. "చూడు మామా, వేలికొనలు తెగాకే కదా బ్లాక్ సబ్బాత్ వచ్చింది! టెక్నిక్ లేకపోతేనేం?" ఆ మాటకు నాకు ఊరట కలగలేదు, ఒళ్ళు మండింది. ఎందుకంటే అయోమీ కథ వాడి పక్షాన నిలవదు.

బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ 17 ఏళ్ళ వయసులో అయోమీ కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొనలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి ఫ్రెట్ల మీద, అంటే గిటార్ నెక్ మెట్ల మీద తీగలు నొక్కుతూ ఉండాల్సినవి ఆ వేళ్ళే. అతని ఫోర్‌మన్ జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు. 1928లో ఇంటిబండి తగలబడి ఎడమచేతి ఉంగరపు, చిటికెన వేళ్ళు దెబ్బతింటే, మిగిలిన రెండు వేళ్ళతో జాజ్ సోలోలు వాయించిన మనిషి జాంగో. అది విన్నాక అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు అంటించాడు. బ్రిటన్‌లో సన్న తీగలు దొరక్కపోతే బాంజో తీగలు తెచ్చి వేసుకున్నాడు. 1971 నాటికి కొన్ని పాటలకు శ్రుతిని మూడు అరస్వరాలు దించి తీగల బిగువు తగ్గించాడు. ఇది టెక్నిక్ లేని మనిషి పనా? వాద్యం లోపల ఏది ఎందుకు మోగుతుందో వేళ్ళతో తెలిసిన మనిషి మాత్రమే చేయగల పని.

కట్టు విప్పాక, చూపుడువేలు, మధ్యవేలుతో నేను మొదట వాయించింది బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ తన పేరే పెట్టుకున్న 1970 నాటి పాట రిఫ్, అంటే పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న స్వర వరుస. మూడే స్వరాలు. షడ్జమం, పై షడ్జమం, అక్కణ్ణుంచి ప్రతి మధ్యమానికి దిగడం. కల్యాణి రాగంలో మనం ఎంతో హాయిగా వినే మధ్యమమే అది. ఇక్కడ వాన చప్పుడు, గంట మోత తర్వాత వచ్చి వెన్ను జలదరింపజేస్తుంది. స్వరం ఎవరి సొత్తూ కాదు. దాన్ని అంత నిదానంగా, అంత బరువుగా నిలబెట్టడం అయోమీది. ఆ నిదానం ఎంత కష్టమో రెండు వేళ్ళతో కూర్చుంటే తెలిసింది. ఆ మూడో స్వరాన్ని వణికిస్తూ అంతసేపు నిలపాలి. వేగంగా పోయేటప్పుడు వినపడని తేడా అక్కడ ప్రతి ఒక్కటీ వినిపిస్తుంది.

గిటారిస్టు జేసన్ బెకర్ గురించి కూడా మా వాడికి చెప్పాను. 20 ఏళ్ళకే కండరాలను నడిపే నరాలు చచ్చుబడే ఏఎల్ఎస్ జబ్బు వచ్చి చేతులు, తర్వాత మాట కూడా పోయాయి. తండ్రి తయారుచేసిన కంటి సైగల పద్ధతితో స్వరాలు చెబుతూ సంగీతం రాస్తూనే ఉన్నాడు. చేతులు పోయినా, స్వరం పక్కన ఏ స్వరం ఎలా పలుకుతుందో తెలిసిన చెవి మిగిలింది. చేతులు బాగున్న రోజుల్లో చేసిన సాధనలోంచి వచ్చిన చెవి అది. మా వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరి నీకు జబ్బు రాకపోతే నువ్వు ఇంత మెల్లగా వాయించేవాడివా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. వాయించేవాణ్ణి కాదని ఒప్పుకున్నాను.

ఆ నెలల్లోనే రెండు వేళ్ళతో ఒక రిఫ్ కట్టాను. వేళ్ళు చాలని చోటల్లా స్లైడ్ చేయాల్సి, అంటే వేలిని తీగ మీద జార్చాల్సి వచ్చేది. ఉంగరపు వేలికి బలం తిరిగొచ్చాక అదే రిఫ్‌ను నాలుగు వేళ్ళతో వాయించి చూశాం. స్వరాలన్నీ అవే, కానీ స్లైడ్‌లు పోవడంతో పాట పలచబడింది. జాంగో బాణీ నేర్చుకునేవాళ్ళలో కొందరు నాలుగు వేళ్ళూ బాగుండి కూడా రెండు వేళ్ళతోనే ఎందుకు సాధన చేస్తారో అప్పుడు అర్థమైంది. అతనికి తప్పనిసరై పుట్టినది వాళ్ళకు నేర్చుకోవాల్సిన టెక్నిక్ అయింది.

ఇప్పుడు కాగితం పట్టుకుంటే జారడం లేదు. గుంట చాలావరకు పూడింది. చిటికెన వేలు మాత్రం ఎక్కువసేపు వాయిస్తే ఇంకా అలసిపోతుంది. మోచెయ్యి అంతగా మడవకుండా గిటార్ నెక్ కాస్త పైకెత్తి పట్టుకుంటున్నాను, రాత్రి మోచేతికి టవల్ చుట్టుకుని పడుకుంటున్నాను. కొత్త రిఫ్ రెండు వేళ్ళతోనే ఉంచాం. పాత పాటలోని వేగమైన సోలో తీసెయ్యమని మా వాడు పట్టుబడుతున్నాడు. నేను ఒప్పుకోలేదు. తాళం వేసే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి మొదటి నుంచి సాధన చేస్తున్నాను.