గాలి మళ్లేదాకా

మా వెనక కొండకు అంటుకున్న కార్చిచ్చు ఇంకా పూర్తిగా ఆరలేదు. ఇవాళ కాస్త ఊపిరి పీల్చుకున్నాం, బ్యాగులు మాత్రం తలుపు దగ్గరే ఉన్నాయి.

ఈ వారమంతా మంట కంటే గాలి కబుర్లే ఎక్కువ చూశాను. ఎండ సంగతి సరే, గాలిలో తేమ ఎంత, ఈదురు ఎటు నుంచి అన్నదే టెన్షన్. తేమ పడిపోతే ఎండుగడ్డి గంటలోనే రాజుకోవడానికి సిద్ధమైపోతుంది. మామూలుగా రాత్రిపూట తేమ పెరిగి మంట నెమ్మదిస్తుంది, సిబ్బందికి అదే అదను. మొన్న రాత్రి ఆ తేమ రానే లేదు. తెల్లారేసరికి మంట గట్టు దాటేసింది.

పెరట్లో నిప్పురవ్వ ఒకటి పడింది. గోటంత బెరడు ముక్క, అంచు ఎర్రగా. చెప్పుతో నలిపేశాను. చాలా ఇళ్లు అంటుకునేది ఇలాంటి రవ్వలతోనే. వెంటనే పైకప్పు మీది ఎండుటాకులన్నీ ఊడ్చేశాం.

"విమానాలు ఎందుకు రావట్లేదు?" అని వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. ఆ హోరుగాలిలో ఎలా ఎగురుతాయి? 2025 జనవరి 7న లాస్ ఏంజెలెస్ తగలబడుతున్నప్పుడూ గాలి వల్ల వాటిని దింపేయాల్సి వచ్చింది. అయినా పైనుంచి పోసే నీళ్లు, చల్లే ఆ ఎర్ర రసాయనం మంట దూకుడు తగ్గిస్తాయంతే. దాన్ని కట్టడి చేసేది నేల మీది మనుషులే, పొదలు నరికి, ఉత్త మట్టి తేలేదాకా గీకి గీకి. వాళ్లకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

రేపు మధ్యాహ్నం గాలి మళ్లుతుందంటున్నారు. ఎటు మళ్లుతుందో చూడాలి. కారు మాత్రం రోడ్డు వైపు తిప్పి పెట్టాం.