అమెరికాలో రెంటల్ కారు: కౌంటర్ దగ్గర సంతకానికి ముందు చూసుకోవాల్సిన ఇన్సూరెన్స్ లెక్క

అమెరికాలో కారు అద్దెకు తీసుకునేటప్పుడు ఇన్సూరెన్స్ తీసుకోవాలా వద్దా అని మన వాళ్ళు తరచూ అడుగుతుంటారు. ఆ ప్రశ్నను రెండు ముక్కలు చేస్తే గాని జవాబు దొరకదు. అద్దె కారుకు దెబ్బ తగిలితే ఎవరు కడతారన్నది ఒకటి. ఆ కారు వల్ల ఇంకొకరి బండికో, ఒంటికో దెబ్బ తగిలితే ఎవరు కడతారన్నది రెండోది. మొదటిదానికి హద్దుంది. ఎంత పెద్ద ప్రమాదమైనా ఆ కారు ఖరీదు, పైన కొన్ని ఖర్చులు. రెండోదానికి హద్దు లేదు. అయినా వాట్సాప్ గ్రూపుల్లో చర్చంతా మొదటిదాని మీదే నడుస్తుంది. "క్రెడిట్ కార్డు ఉంటే చాలు, ఏదీ తీసుకోకు" అనే సలహా సగం నిజం. మిగతా సగంలోనే కుటుంబాలు మునిగిపోయేంత ప్రమాదం ఉంది.

నేను టెక్సస్‌లో ఉంటాను. సొంత కారుంది, దానికి పాలసీ ఉంది. సెలవుల్లో వేరే రాష్ట్రానికి వెళ్ళి రెంటల్ తీసుకుంటే నాకు ఒక లెక్క. హైదరాబాద్ నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన మా బావగారు తన పేరు మీద తీసుకుంటే పూర్తిగా వేరే లెక్క. రెండూ దగ్గరుండి చూసుకున్నాను కాబట్టి రెండూ చెబుతాను.

ముందు ఇక్కడ పాలసీ ఉన్నవాళ్ళ సంగతి. పాలసీ కాగితాల్లో డిక్లరేషన్స్ పేజీ అని ఒకటి ఉంటుంది. బుక్ చేసే ముందు నేను అది తీసి చూస్తాను. అందులో కొలిజన్ (గుద్దుకుంటే మన కారుకయ్యే నష్టం), కాంప్రహెన్సివ్ (దొంగతనం, వడగళ్ళ లాంటి వాటివల్ల నష్టం) రెండూ ఉంటే అవి మామూలుగా రెంటల్ కారుకూ వర్తిస్తాయి. డిడక్టిబుల్ కూడా అదే. 500 డాలర్లో, 1,000 డాలర్లో మన జేబులోంచి పోతాయి, మిగతాది కంపెనీ కడుతుంది. పాత కొరోలాకి ఎందుకులే అని లయబిలిటీ, అంటే అవతలివాళ్ళ నష్టానికి కట్టే భాగం, ఒక్కటే పెట్టుకున్నవాళ్ళకు మాత్రం రెంటల్ కారు రిపేరుకు ఆ పాలసీ నుంచి ఏమీ రాదు. ఎంఎస్‌కి వచ్చి సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కున్న పిల్లలు ముఖ్యంగా ఇది గమనించాలి.

లయబిలిటీ అంకెలు కూడా పాలసీలో ఎంతుంటే రెంటల్‌కూ అంతే. టెక్సస్‌లో చట్టం అడిగే కనీసం 30/60/25. అంటే గాయపడిన ఒక్క మనిషికి 30,000 డాలర్ల వరకు, ఆ ప్రమాదంలో గాయపడిన అందరికీ కలిపి 60,000 వరకు, ఆస్తి నష్టానికి 25,000 వరకు. కాలిఫోర్నియాలో ఇది 15/30/5 ఉండేది, 2025 జనవరి 1 నుంచి 30/60/15 చేశారు. ఫ్లోరిడాలో ఆస్తి నష్టానికి కనీసం 10,000 మాత్రమే. కొత్త పికప్ ట్రక్కు 50,000 దాటడం మామూలైపోయిన రోజుల్లో ఈ అంకెలు ఏ మూలకూ రావు. అవతలి మనిషికి ఒక సర్జరీ, నాలుగు రోజుల ఐసీయూ అయితే 30,000 ఎప్పుడు దాటిందో కూడా తెలియదు. నేను 100/300/100 పెట్టుకున్నాను. కనీసం నుంచి అక్కడికి ఎక్కడానికి పెరిగే ప్రీమియం, దానివల్ల వచ్చే రక్షణతో పోలిస్తే చాలా తక్కువ.

ఇక క్రెడిట్ కార్డు. కార్డులిచ్చే కవరేజీలో ప్రైమరీ, సెకండరీ అని రెండు రకాలున్నాయి. చేజ్ సఫైర్ ప్రిఫర్డ్ లాంటివి ప్రైమరీ, అంటే మన ఆటో పాలసీని కదపకుండానే కార్డు కవరేజీ కడుతుంది. సెకండరీ అయితే ముందు మన పాలసీ, అది కట్టగా మిగిలిన డిడక్టిబుల్ లాంటివి కార్డు. రెండింటికీ షరతులు దాదాపు ఒకటే. అద్దె మొత్తం ఆ కార్డుతోనే కట్టాలి, కార్డు ఎవరి పేరున ఉందో వాళ్ళే ప్రధాన రెంటర్ కావాలి, రెంటల్ కంపెనీ అమ్మే ఎల్‌డీడబ్ల్యూని (లాస్ డ్యామేజ్ వేవర్, అంటే అద్దె కారుకు దెబ్బ తగిలినా ఆ డబ్బు మన దగ్గర వసూలు చేయమనే హామీని) వద్దనాలి. ఎన్ని రోజుల వరకు వర్తిస్తుందన్నది కార్డును బట్టి మారుతుంది, అమెరికా లోపల తీసుకునే రెంటల్‌కు 15 రోజులకే ఆగిపోయేవీ ఉన్నాయి. రెండు కుటుంబాలు కలిసి ఎల్లోస్టోన్ వెళ్దామని 12 సీట్ల వ్యాన్ తీసుకుంటే చాలా కార్డుల్లో అది మినహాయింపు జాబితాలో ఉంటుంది. మామూలు మనుషులు తమ సొంత కార్లను అద్దెకిచ్చే ట్యూరో యాప్‌లో తీసుకున్న కారు కూడా మామూలుగా అంతే, ఎందుకంటే వాళ్ళ లెక్కలో అది రెంటల్ కంపెనీ కాదు. ఇవన్నీ పక్కన పెట్టినా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. కార్డు కట్టేది అద్దె కారు దెబ్బకు మాత్రమే. అవతలి కారుకు, అవతలి మనిషికి ఆ కార్డు ఒక్క డాలరు కూడా కట్టదు.

ఇండియా నుంచి వచ్చినవాళ్ళకు ఈ రెండో ముక్కే అసలు సమస్య. వాళ్ళకు ఇక్కడ పాలసీ లేదు. ఇండియాలోని కారు పాలసీ ఇక్కడ చెల్లదు. అదనపు ప్రీమియం కట్టినా అది నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక లాంటి ఇరుగుపొరుగు దేశాల వరకే పోతుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో పర్సనల్ లయబిలిటీ అని రాసుంటే చూసి నిశ్చింతగా ఉంటారు గానీ, కింద మినహాయింపుల్లో మోటారు వాహనం వల్ల కలిగే నష్టం వర్తించదని మామూలుగా ఉంటుంది. తల్లిదండ్రులకు తీసే విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్ళ వైద్యానికి మాత్రమే.

కారు యజమాని రెంటల్ కంపెనీయే కదా, బాధ్యత దానిది కాదా అని మా బావగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 2005లో ఫెడరల్ చట్టంలో గ్రేవ్స్ సవరణ వచ్చింది. కేవలం యజమాని అయినందుకు రెంటల్ కంపెనీని బాధ్యుణ్ణి చేయడానికి వీల్లేదని దాని సారాంశం. కాబట్టి దెబ్బతిన్నవాళ్ళ లాయరు నేరుగా నడిపిన మనిషి మీదికే వస్తాడు. కంపెనీ తనవైపు నుంచి లయబిలిటీ ఇచ్చినా మామూలుగా రాష్ట్ర కనీసం వరకే, కొన్నిచోట్ల అదీ ఉండదు. అందుకే విజిటర్‌కు ఎస్‌ఎల్‌ఐ, అంటే సప్లిమెంటల్ లయబిలిటీ ఇన్సూరెన్స్ తప్పనిసరి అంటాను. దాని పరిమితి చాలాచోట్ల 10 లక్షల డాలర్లు, కొన్నిచోట్ల 3 లక్షలు. ఎంతో అడిగి తెలుసుకోవాలి.

కౌంటర్ దగ్గర ఇవన్నీ విడివిడిగా కొంటే భారం. ఎల్‌డీడబ్ల్యూ రోజుకు 30 డాలర్లు, ఎస్‌ఎల్‌ఐ 15 డాలర్లు అనుకుంటే వారానికి 315, ఒక్కోసారి కారు అద్దె కంటే ఎక్కువ. దీనికి మంచి మార్గముంది. బుక్ చేసేటప్పుడు నివాస దేశం ఇండియా అని పెడితే, విదేశీ పర్యాటకుల కోసం ఎల్‌డీడబ్ల్యూ, లయబిలిటీ రెండూ కలిపిన రేట్లు కొన్ని కంపెనీలు, బ్రోకర్ సైట్లు చూపిస్తాయి. విడిగా కొన్నదానికంటే చాలా చవక. వోచర్ ప్రింట్ తీసి, రెండు కవరేజీల పేర్లూ, లయబిలిటీ పరిమితీ అందులో ఉన్నాయో లేదో చూడాలి. మొదటిది ఉండి రెండోది లేని వోచర్లు చాలా వస్తాయి. అమెరికాలో ఉంటున్నవాళ్ళు మాత్రం ఇండియా అడ్రస్ పెట్టి ఈ రేటు తీసుకోకూడదు. ప్రమాదం తర్వాత బయటపడితే కవరేజీ మొత్తం నిరాకరించే వీలుంది.

ఆర్‌టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఏడాది పాటు చెల్లుతుంది. అన్ని రాష్ట్రాలూ అడగకపోయినా తెచ్చుకోవడం మేలు, కానీ ఒరిజినల్ లైసెన్స్ లేకుండా అది ఒక్కటే పనికిరాదు. చెల్లే లైసెన్స్ లేకుండా నడిపితే ఏ కవరేజీ అయినా నిలబడదు.

కౌంటర్‌లో మన ముందుకు తిప్పే చిన్న స్క్రీన్ మీద వరసగా ఎల్‌డీడబ్ల్యూ, ఎస్‌ఎల్‌ఐ, పీఏఐ, పీఈసీ, రోడ్‌సైడ్ అని వస్తాయి. ఒక్కోదాని పక్కన యాక్సెప్ట్, డిక్లైన్ అని రెండు గళ్ళు. పద్నాలుగు గంటలు ప్రయాణం చేసి, పిల్లలు ఏడుస్తుంటే గబగబా వేలు ఆనిస్తాం. ఆ అలసటలోనే డబ్బు పోతుంది. "ఫుల్ కవరేజ్ ఇస్తున్నాను సార్" అంటే అందులో ఏ అక్షరాలున్నాయో పేరుపేరునా చెప్పమనండి. వోచర్‌లో ఉన్నదాన్నే మళ్ళీ అమ్మడం కూడా జరుగుతుంది. సంతకానికి ముందు మొత్తం ఎంతో అడిగి, వోచర్‌తో పోల్చండి. పీఏఐ మన ప్రయాణికుల గాయాలకు, పీఈసీ సామాను దొంగతనానికి. హెల్త్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకు పీఏఐ అంత అవసరం కాదు. నడిపేవాళ్ళందరి పేర్లూ ఒప్పందంలో రాయించాలి. పేరు లేని మనిషి నడుపుతుండగా ప్రమాదం జరిగితే ఎల్‌డీడబ్ల్యూకి కట్టిన డబ్బు వృథా.

ఎల్‌డీడబ్ల్యూని చెల్లకుండా చేసేవి ఇంకా ఉన్నాయి. తాగి నడపడం, తాళాలు కారులో వదిలేయడం, అనుమతి లేకుండా మెక్సికోలోకి వెళ్ళడం. మట్టి రోడ్డు మీద నడపడం చాలామంది పట్టించుకోరు. మాన్యుమెంట్ వ్యాలీలో 17 మైళ్ళ లూప్ రోడ్డు మట్టిదే. మన వాళ్ళు అద్దె సెడాన్ వేసుకుని దిగిపోతుంటారు. అక్కడ కింద రాయి తగిలి ఆయిల్ పాన్ పగిలితే, ఒప్పందంలో మట్టి రోడ్ల నిషేధం ఉన్నప్పుడు ఖర్చంతా మనదే.

కారు తీసుకునేటప్పుడు ఫోన్‌లో ఒకే వీడియోగా చుట్టూ తీయండి. నాలుగు చక్రాల రిమ్ములు, విండ్‌షీల్డ్, పైకప్పు, ముందు బంపర్ అడుగు భాగం, మీటరు, ఇంధనం. గ్యారేజీ చీకటిగా ఉంటే వెలుతురున్న చోటికి తెచ్చి తీయండి. పాత గీత కనిపిస్తే ఒప్పందం మీద రాయించుకోవాలి, నోటిమాట చాలదు.

దెబ్బ తగిలితే పోలీసు రిపోర్టు నంబర్ తీసుకోవాలి. గాయాలు లేవని పోలీసులు రాకపోతే ఆన్‌లైన్‌లోనో, స్టేషన్‌లోనో నమోదు చేయొచ్చు. రెంటల్ కంపెనీకి, కార్డు కవరేజీ వాళ్ళకు అదే రోజు చెప్పాలి. మనమే బయట రిపేరు చేయించకూడదు. నేను పార్కింగ్‌లో ఉంచిన రెంటల్ కారు బంపర్‌ను ఎవరో గీసి వెళ్ళిపోయినప్పుడు, కారు తిరిగిచ్చిన చాలా వారాలకు ఉత్తరం వచ్చింది. రిపేరు ఒక వరస, దాని కింద లాస్ ఆఫ్ యూజ్, డిమినిష్డ్ వాల్యూ, అడ్మినిస్ట్రేటివ్ ఫీజు. లాస్ ఆఫ్ యూజ్ అంటే రిపేరులో ఉన్న రోజులకు వాళ్ళు కోల్పోయిన అద్దె. ఇది కట్టడానికి కార్డు వాళ్ళు ఫ్లీట్ యుటిలైజేషన్ లాగ్ అడుగుతారు. ఆ రోజుల్లో కంపెనీ కార్లన్నీ నిజంగా అద్దెకు పోయాయా, ఖాళీగా ఉన్నాయా అని అది చెబుతుంది. ఆ లాగ్ ఇవ్వడానికి కంపెనీ మొరాయించింది. లాగ్ ఇస్తేనే ఆ వరస చెల్లిస్తామని రాతపూర్వకంగా పంపాక ఆ మొత్తాన్ని తీసేశారు. డిమినిష్డ్ వాల్యూ, అంటే ప్రమాదం వల్ల కారు మారు అమ్మకపు ధరలో తగ్గేది, చాలా కార్డులు కట్టవు, ఆటో పాలసీలూ చాలావరకు కట్టవు. ఉత్తరం మన పేరు మీదే వస్తుంది కాబట్టి కార్డు వాళ్ళు చూసుకుంటారులే అని వదిలేస్తే కలెక్షన్స్‌కు, అంటే బాకీలు వసూలు చేసే ఏజెన్సీకి పోతుంది. ప్రతి ఉత్తరానికీ గడువులోగా క్లెయిమ్ నంబర్‌తో జవాబివ్వాలి.

తిరిగిచ్చేటప్పుడు కూడా అదే వీడియో, మీటరు ఫోటో. తాళాలు డబ్బాలో వేసి రాకుండా, మనిషి ఉన్న వేళకు వెళ్ళి ముగింపు రసీదు తీసుకోండి. రాత్రి వదిలితే, ఉదయం వాళ్ళు చూసేదాకా జరిగే నష్టానికి మిమ్మల్నే బాధ్యుల్ని చేసే షరతు ఒప్పందంలో ఉండొచ్చు. మొదటి ఒప్పందం, ముగింపు రసీదు, కార్డు స్టేట్‌మెంట్ మూడింటినీ ఒకే ఫోల్డర్‌లో కనీసం ఆరు నెలలు దాచండి. క్లెయిమ్‌లో మొదట అడిగేవి ఈ మూడే.