తుప్పూ, పుచ్చూ, ఉప్పునీరూ

లండన్‌లో ఎక్కిన రైలు పోర్ట్స్‌మత్ హార్బర్ స్టేషన్‌లో ఆగిపోతుంది. ముందుకు పోవడానికి నేల లేదు, ప్లాట్‌ఫారాల కిందే సముద్రం. నా మిత్రుడికి ఫిరంగుల పిచ్చి, నాకు పాత కొయ్యపని మీద మోజు. పాత యుద్ధనౌకలను చూడ్డానికి నిలిపి ఉంచిన ఈ రేవు, రెండూ ఒకే పూటలో తీరే ఊరు కదా అని పొద్దున్నే బయలుదేరాం.

స్టేషన్ దాటుతూనే ‘వారియర్’ కనిపించింది. 1860లో నీళ్లలోకి దిగిన ఈ నల్లటి ఓడ, ఇనుప ఒడలికి కవచం కూడా తొడుక్కున్న బ్రిటన్ తొలి యుద్ధనౌక. నాలుగున్నర అంగుళాల ఇనుము, దాని వెనుక దన్నుగా 18 అంగుళాల టేకు. ఇంత హంగూ చేసుకుని శత్రువు మీద ఒక్క గుండు కూడా పేల్చలేదు. పదేళ్లు తిరిగేసరికి పాతబడి, చివరికి వేల్స్ తీరంలో అర్ధ శతాబ్దం పాటు చమురు నింపుకునే ఓడలకు రేవుబల్లగా పడి ఉంది. మిత్రుడు ఫిరంగులు లెక్కపెడుతుంటే, నేను ఆ టేకు గురించే ఆలోచిస్తూ నిలబడ్డాను.

బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ ఓడ ‘విక్టరీ’ చుట్టూ పరంజా కట్టి ఉంది. ముందు నిరాశపడ్డాను కానీ, పరంజా లేకపోతే అసలు సంగతి తెలిసేది కాదు. ఫ్రెంచ్, స్పానిష్ ఓడలతో జరిగిన ట్రఫాల్గర్ యుద్ధంలో 1805 అక్టోబర్ 21న నెల్సన్ కూలిన చోట ఇత్తడి పలక బిగించారు, అందరూ దాన్నే ఫొటో తీస్తున్నారు. ఆనాటి గాయాలకన్నా ఆ ఓడను ఎక్కువగా తిన్నవి బూజూ, కొయ్యను తొలిచే పురుగూ. 1922 నుంచి డ్రై డాక్‌లో, అంటే నీళ్లు తోడేసిన రేవు గుంటలో, నిలబడి ఉంది కనుక, నీళ్లు మోయాల్సిన బరువును ఊతకర్రలే మోస్తున్నాయి. కింది అంతస్తులో దూలం నా నుదుటిని రెండుసార్లు పలకరించింది. ఆ ఎత్తులో 800 మందికి పైగా ఎలా మసలారో, ఫిరంగుల మీద ఉయ్యాల పడకలు కట్టుకుని ఎలా నిద్రపోయారో!

‘మేరీ రోజ్’ దగ్గర మాత్రం రెండు గంటలు కదలలేదు. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి ఇష్టమైన ఓడ. 1545 జులైలో, రాజు ఒడ్డు నుంచి చూస్తుండగానే మునిగింది. సుమారు 500 మందిలో బతికి బయటపడినవాళ్లు 35 మందికి మించరు. పక్కకి ఒరిగి బురదలో కూరుకుపోయిన సగమే మిగిలింది. పైకి తేలి ఉన్న సగాన్ని సముద్రం అరగదీసేసింది. అంటే కాపాడింది బురద! 1982లో పైకెత్తాక కొయ్యను ఆరనిస్తే ముడుచుకుని పగిలిపోతుంది. అందుకని ఏళ్ల తరబడి మంచినీళ్లు చల్లారు, ఆ తర్వాత నీటి చోటులో నిలిచి కొయ్యను పట్టి ఉంచే మైనం లాంటి రసాయనం చల్లారు. 2013లో గానీ ఆ జల్లు ఆపలేదు.

అద్దాల వెనుక నావికుల దువ్వెనలున్నాయి. వాటిలో పేలు కూడా దొరికాయట. ఓడలో దొరికిన కుక్క ఎముకల గూడు దగ్గర ఒక చిన్నపిల్ల చాలాసేపు నిలబడింది, వాళ్ల నాన్న తొందరపెట్టలేదు.

మధ్యాహ్నం పడవలో హార్బర్ దాటి గాస్‌పోర్ట్‌లోని జలాంతర్గాముల మ్యూజియానికి వెళ్లాం. ‘అలయన్స్’ అనే జలాంతర్గామి లోపల నడవా ఒక మనిషి పట్టేంతే, ఎదురు వస్తే ఒకరు ఒదగాల్సిందే. బ్రిటిష్ నౌకాదళపు మొట్టమొదటి జలాంతర్గామి ‘హాలండ్-1’ కథ ఇంకా విచిత్రం. తుక్కు కింద కోయడానికి లాక్కెళ్తుంటే 1913లో మునిగి, కోతను తప్పించుకుంది. 1982లో పైకి తెచ్చి శుభ్రం చేసినా, ఇనుములో ఇంకిన ఉప్పు మళ్లీ తినడం మొదలుపెట్టింది. మొత్తం ఓడనే సోడియం కార్బొనేట్ కలిపిన నీటి తొట్టిలో ఏళ్లపాటు నానబెట్టారు.

తిరుగు పడవలో మిత్రుడికి చెప్పాను: “1980ల దాకా ఈ హార్బర్‌లోనే ఇంకో ఓడ ఉండేది. బొంబాయిలో ఓడలు కట్టే వాడియా కుటుంబం టేకుతో కట్టి, 1817లో నీళ్లలోకి దించిన ‘ట్రింకోమలీ’. ఇక్కడ వేరే పేరుతో కుర్రాళ్లకు శిక్షణ నౌకగా ఉండేది. ఇప్పటికీ తేలుతూనే ఉంది.”

“విక్టరీలా ఊతకర్రల మీద కాదా?”

“కాదు, నీళ్లలోనే.”

“ఎక్కడ?”

“హార్టిల్‌పూల్‌లో. ఉత్తరాన, చాలా దూరం.”

వాడు ఏమీ అనలేదు. ఫోను తీసి రైళ్లు వెతకడం మొదలుపెట్టాడు.