మా పెరటి అదును

నాలుగేళ్ల కిందట ఉల్లి వేశాను. నారు పోసి, ఆరు వారాలు పెంచి, ఒక్కో మొక్కనూ బెత్తెడు దూరంలో నాటాను. ఆకులు నిటారుగా, ముదురు పచ్చగా ఎదిగాయి. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. నాలుగు నెలలయ్యాక తవ్వితే కింద గడ్డ లేదు. కాడ మొదలు కాస్త లావెక్కింది, అంతే. ఎరువు చాలలేదేమో అనుకున్నాను. నీళ్లు ఎక్కువయ్యాయేమో అనుకున్నాను. రెండూ కావు. దాచి ఉంచిన విత్తనాల పొట్లం తీసి చదివితే, వెనకవైపు చిన్న అక్షరాల్లో అసలు సంగతి ఉంది. అది పొడుగు పగళ్లు కావాల్సిన రకం.

ఉల్లి ఎప్పుడు గడ్డ కట్టాలన్నది పగటి పొడవును బట్టి తేల్చుకుంటుంది. కొన్ని రకాలకు 11, 12 గంటల పగలు చాలు. ఇంకొన్నిటికి 14 గంటలు, అంతకన్నా ఎక్కువ కావాలి. మా దగ్గర ఏడాది మొత్తంలో అతి పెద్ద పగలు 13 గంటలు దాటి కొన్ని నిమిషాలే ఉంటుంది. నేనెంత ఎరువు వేసినా, ఎన్ని నీళ్లు పెట్టినా ఆ మొక్కకు కావలసిన పగలు ఇక్కడ రాదు. మొక్కలు ఇలా పగలూ రాత్రుల నిడివిని గుర్తిస్తాయని 1920లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు గార్నర్, అలార్డ్ తేల్చి చెప్పారు. వాళ్ల దగ్గర ఒక పొగాకు రకం ఎండాకాలమంతా ఆకు వేస్తూనే ఉండేది, పూసేది కాదు. చలికాలం పగళ్లు చిన్నవయ్యాక గాజు ఇంట్లో పూసింది. ఆ సంగతి చదివిన రోజున నా ఉల్లి మడి మీద బాధ సగం తగ్గింది. తప్పు ఎక్కడుందో తెలిసింది కదా.

అప్పటి నుంచీ నెలల పట్టిక చూసి విత్తడం మానేశాను. పొట్లం మీద “మార్చిలో విత్తండి” అని ఉంటుంది. ఎక్కడి మార్చి? భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నవాళ్లకు అది చలి మొదలయ్యే ముందు మార్చి. కొండ మీద ఉన్నవాళ్లకు ఇంకా వణికే మార్చి. వెయ్యి మీటర్లు ఎత్తుకు వెళ్తే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది మరి. ఒకే వీధిలో కూడా పల్లంలో ఉన్న పెరడు, డాబా మీద ఉన్న తోట ఒకేలా ఉండవు.

మా అత్తయ్య ఈ మాటనే వేరే విధంగా చెబుతారు. “అదునూ పదునూ రెండూ కలిసినప్పుడే విత్తాలమ్మా” అంటారు. అదును అంటే కాలం కుదరడం. పదును అంటే నేల కుదరడం. ఆవిడ ఏ పరికరమూ వాడరు. పొద్దున్నే మడిలో అరచేతి వెనకవైపు ఆనించి చూస్తారు. పిడికెడు మట్టి తీసి ముద్ద చేసి, బొటనవేలితో పొడుస్తారు. ముద్ద పొడిపొడిగా విడిపోతే పదును ఉన్నట్టు. జిగురుగా అణిగిపోతే ఇంకా తడి ఎక్కువ అన్నట్టు. అప్పుడు గడ్డపార ముట్టుకోనివ్వరు. ఒక ఏడు వానలు తెరిపిచ్చిన మర్నాడే, సెలవు రోజు కదా అని తొందరపడి తవ్వాను. ఆ మడి ఎండాక ఇటుకలా బిగుసుకుపోయింది. తడి మట్టిని తొక్కితే, తవ్వితే అందులో గాలి ఆడే సందులు మూసుకుపోతాయి. దాన్ని మళ్లీ గుల్లబారేలా చేయడానికి నాకు రెండు కాలాలు పట్టింది, ఎంత కంపోస్టు వేసినా.

అత్తయ్య చేతికున్న జ్ఞానం నాకు లేదు. అందుకని నోట్‌బుక్ పెట్టాను. ఇది ఏడో ఏడు. అందులో రాసేవి ఎక్కువేం కావు. తెల్లవారుజామున ఎంత చలి, మట్టిలో రెండంగుళాల లోతున ఎంత వెచ్చన, ఎంత వాన పడింది, ఆ రోజు తోటలో కొత్తగా ఏం కనబడింది. నాలుగు మాటలు, రెండు నిమిషాల పని. మొదటి ఏడాది ఇందులో ఏముందని అనిపించింది. మూడో ఏడాదికి ఒకే పేజీలో పక్కపక్కన మూడు ఫిబ్రవరులు కనబడేసరికి అప్పుడు విలువ తెలిసింది.

ముందు ఎండ సంగతి చెబుతాను, ఎందుకంటే చాలామంది అక్కడే పొరపడతారు. ఎండాకాలంలో మడి కట్టే చోటు ఎంచుకుంటాం. అప్పుడు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, పెరడంతా వెలుగే. ఆరు నెలలు తిరిగేసరికి సూర్యుడు దక్షిణానికి ఒరిగి, అదే చోట రోజంతా గోడ నీడ. మా అమ్మాయి స్కూల్లో ఉన్నప్పుడు ఇద్దరం కలిసి కొలిచాం. ఆరడుగుల ప్రహరీకి ఉత్తరం వైపు జూన్ 21 మధ్యాహ్నం అసలు నీడే లేదు. డిసెంబర్ 21న ఐదడుగుల నీడ. ఇంకా ఉత్తరాన ఉన్న దేశాల్లో అయితే అది పది, పదిహేను అడుగులు కూడా కావచ్చు. భూమధ్యరేఖకు దక్షిణాన నీడ రెండో వైపు పడుతుంది. ఒక మీటరు కర్ర పాతి మధ్యాహ్నం నీడ కొలిస్తే ఎవరి లెక్క వాళ్లకు దొరుకుతుంది. నీడ కూడా మీటరే ఉంటే సూర్యుడు సరిగ్గా సగం ఎత్తున, 45 డిగ్రీల దగ్గర ఉన్నట్టు.

ఆ ఐదడుగుల పట్టీలో ఇప్పుడు చలికాలంలో టమాటా పెట్టను. కొత్తిమీర, లెట్యూస్ లాంటి ఆకులకు ఇస్తాను. కాయ కాయాలంటే ఆరు గంటల నేరుటెండ కావాలి, ఆకుకు అందులో సగమున్నా సర్దుకుంటుంది. ఎండలు ముదిరాక అదే ప్రహరీలో పడమటి గోడకు తూర్పు వైపున్న మడికి మధ్యాహ్నం తర్వాత నీడ దొరుకుతుంది. వేడికి తొందరగా పూతకొచ్చి చేదెక్కే ఆకుకూరల్ని అక్కడికి మారుస్తాను. అలా చేస్తే ఇంకో మూడు వారాలు కోసుకోవచ్చు. ఒకే ప్రహరీ ఒక కాలంలో అడ్డు, ఇంకో కాలంలో తోడు.

ఇక టమాటా. నా ప్రణాళికంతా దీని చుట్టూనే తిరుగుతుంది, ఒప్పుకుంటాను. ఒక ఏడాది మొక్కలు నడుం ఎత్తున ఎదిగి, గుత్తులు గుత్తులుగా పూసి, ఒక్క పిందె నిలవలేదు. రోజూ పొద్దున చెట్టు కింద పసుపు పచ్చని పూలు రాలి ఉండేవి. చూస్తే ఏడుపొచ్చేది. పురుగు లేదు, తెగులు లేదు. రాత్రుళ్ల వేడి, అదే కారణం. టమాటా పుప్పొడి పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి 24 దిగకపోయినా పనికిరాకుండా పోతుంది. మరీ చల్లగా, రాత్రి 12, 13 కన్నా పడిపోయినా అంతే. అంటే పిందె కట్టడానికి ఏడాదిలో ఒక కిటికీ లాంటి కాలం ఉంది. మొక్క ఆ లోపలే పూతలో ఉండాలి.

అందుకని ఇప్పుడు వెనక్కి లెక్కపెడతాను. నోట్‌బుక్‌లో రాత్రులు 24 దాటిన మొదటి వారం ఏదో చూస్తాను. అక్కడి నుంచి ఆరు వారాలు వెనక్కి వస్తాను, కనీసం అన్ని రోజులైనా పూత నడవాలి కాబట్టి. నాటిన దగ్గర్నుంచి పూతకు ఇంకో ఐదు వారాలు. విత్తు నుంచి నాటు వరకు ఐదు. మొత్తం పదహారు వారాలు. ఆ తేదీన నారు పోస్తాను, రెండు రోజులు అటూ ఇటూ కానివ్వండి. మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు వచ్చిన తేదీ చూసి నమ్మలేకపోయాను. నేను ఏటా నారు పోసే రోజుకు దాదాపు రెండు నెలల ముందు! మంచు పడే చోట ఉండే స్నేహితురాలు ఒకామె ఇదే లెక్క తిరగేసి వేస్తుంది. ఆమెకు భయం వేడి కాదు, ఆఖరి మంచు. ఆ రాత్రి దాటాక మొక్క బయటికి రావాలి, అందుకు ఆరు వారాల ముందు ఇంట్లో కిటికీ దగ్గర విత్తుతుంది. తేదీలు వేరు, వెనక్కి లెక్కించడం మాత్రం ఒకటే.

తేదీలు కూడా ప్రతి ఏడూ నిలకడగా ఉండవు. ఇక్కడే మా మల్లె సాయపడింది. గోడ పక్క మల్లె మొదటి మొగ్గ తొడిగిన రోజు రాస్తూ వచ్చాను. మూడేళ్లు వరసగా, మొగ్గ కనబడిన రెండు మూడు వారాలకు టమాటా పూత రాలడం మొదలైంది. మొగ్గ ముందొస్తే వేడి ముందొచ్చింది, ఆలస్యమైతే అదీ ఆలస్యమైంది. మల్లె మొగ్గ కనబడగానే, ఎండ తగ్గించడానికి మడి మీద కప్పే షేడ్‌నెట్ బయటికి తీసి, చిరుగులు కుట్టుకోవడం ఇప్పుడు మా ఇంట్లో అలవాటు. ఇలా మొక్కల్ని, పక్షుల్ని చూసి కాలాన్ని రాసిపెట్టుకున్నవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. ఇంగ్లండులోని నార్‌ఫోక్‌లో రాబర్ట్ మార్షమ్ అనే ఆయన 1736లో మొదలుపెడితే, వాళ్ల కుటుంబం 1958 దాకా రాసింది. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూత తేదీలు పాత డైరీల్లో 9వ శతాబ్దం నుంచి దొరుకుతున్నాయి. ఈ మధ్య ఆ పూత ముందుకు జరుగుతోందని తెలిసింది ఆ రాతల వల్లే. అందుకే నోట్‌బుక్‌లో పాత లెక్కను పట్టుకుని కూర్చోను, గడిచిన నాలుగైదేళ్ల సగటు చూసుకుంటాను.

చలిలో ఇంకో సంగతి గమనించాను. చల్లగాలి బరువు, నీళ్లలా పల్లానికి పారుతుంది. మా పెరడు ఈశాన్యం మూలకు కాస్త దిగుతుంది. చలి రాత్రుల్లో అక్కడ థర్మామీటరు గోడ దగ్గరకన్నా రెండు డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. పగలంతా వేడెక్కిన ఇటుక గోడ రాత్రి ఆ వేడిని వదులుతుంది కదా. మిరప నారు గోడ పక్కన, చలికి తట్టుకునే క్యాబేజీ మూలన. అంతే, వేరే ఏర్పాటు అక్కర్లేదు.

వాన విషయంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన లెక్క చాలా చిన్నది. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీళ్లు. నిలువు అంచుల డబ్బా ఒకటి ఆరుబయట పెట్టి, స్కేలుతో కొలుస్తాను. ఎండ మండే రోజుల్లో నిండుగా మొక్కలున్న నేల నుంచి రోజుకు ఐదారు మిల్లీమీటర్లు పోతుంది. నా మడి ఒక్కోటి మూడు చదరపు మీటర్లు, అంటే రోజుకు పదిహేను నుంచి పద్దెనిమిది లీటర్లు. 20 మిల్లీమీటర్ల వాన పడితే మూడు రోజులు పైపు తీయను. రెండు మిల్లీమీటర్ల జల్లు పడితే మాత్రం ఆ రోజూ నీళ్లు పెట్టాల్సిందే, ఆకులు తడిసినా వేళ్లకేం అందదు. యాభై చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన ఐదు వందల లీటర్లు. ఆ నీటిని డ్రమ్ముల్లోకి మళ్లించడానికి పైపు బిగించుకునే సమయం వానలకు ముందే. వానలో నిచ్చెన ఎక్కనివ్వను మావారిని.

వానలకు ముందు చేసే పనులే ఎక్కువ నిజానికి. మడులు అర అడుగు ఎత్తు చేసుకోవాలి, మధ్యలో కాలువలు తీయాలి, కొమ్మలకు ఊతకర్రలు కట్టాలి. నీళ్లు నిలిస్తే వేళ్లకు గాలి అందదు, రెండు రోజుల్లో మొక్క వాలిపోతుంది. ఎరువు కూడా ఒకేసారి వేయను, పెద్ద వానకు నత్రజని కిందికి కొట్టుకుపోతుంది. పిడికెడు చొప్పున మూడుసార్లు. నారు ట్రేలో ఒత్తుగా పోస్తే మొదళ్లు కుళ్లుతాయి కాబట్టి పల్చగా.

మండుటెండల్లో చేయకూడని పనుల జాబితా పెద్దది. కత్తిరింపులు వద్దు, ఆకు చాటు పోయి కాయలు కాలిపోతాయి. నాట్లు వద్దు, తప్పదంటే సాయంత్రమే. లెట్యూస్ విత్తితే మట్టి 30 దాటాక మొలకే రాదు, విత్తనం పాడైందని పారేయకండి, అది నిద్రలో ఉంటుంది. ఆ రెండు నెలలూ నేను ఒక మడిని పూర్తిగా ఖాళీ వదిలేస్తాను. మూడంగుళాల మందాన ఎండుటాకులు పరిచి, వారానికొకసారి తడుపుతాను. ఖాళీ మడి చూస్తే మొదట్లో ప్రాణం ఒప్పేది కాదు. ఆకులెత్తి చూస్తే అడుగున చల్లగా, నల్లగా, వానపాములతో ఉన్న మట్టి కనబడ్డాక ఆ టెన్షన్ పోయింది.

ఈ వారం దోస వేయాలి. మట్టి 20 డిగ్రీలుంటే గింజ ఐదారు రోజుల్లో లేస్తుంది, అంతకన్నా చల్లగా ఉంటే కుళ్లిపోయే ప్రమాదం ఎక్కువ. నిన్న పొద్దున 18. ఇవాళా 18. మల్లె ఇంకా మొగ్గ తొడగలేదు. అత్తయ్య మడిలో చెయ్యి ఆనించి, “ఇంకో నాలుగు రోజులు ఆగమ్మా” అన్నారు. గింజలు డబ్బాలోనే ఉన్నాయి.