ఉదయసముద్రంలో బాస్ పద్ధతులు: కార్తెల వారీ లాగ్

బాస్ అనే చేప మన చెరువుల్లో లేదు. అది ఉత్తర అమెరికా చేప. కానీ దాన్ని పట్టడానికి అక్కడివాళ్లు తయారు చేసుకున్న పద్ధతులు, అంటే నీటి మీద ఆడించే రబ్బరు కప్ప, టెక్సస్ రిగ్ (ప్లాస్టిక్ పురుగులో గాలం మొన దాచి, ముందు సీసం కట్టేది), స్పిన్నర్‌బెయిట్ (తిరిగే రెక్క ఉన్న ఎర), మన కొర్రమట్టకు చక్కగా సరిపోతాయి. రెండూ గడ్డిలోనో ఆకుల కిందో నక్కి, దగ్గరికొచ్చిన దాని మీద ఒక్క ఉదుటున పడేవే. తేడాలూ ఉన్నాయి. నేర్చుకునేవాళ్లు తడబడేది ఆ తేడాల దగ్గరే. కొర్రమట్ట గాలి పీల్చుకోవడానికి పైకి రావాల్సిందే, బాస్‌కు ఆ అవసరం లేదు. బాస్ నోట్లో బొటనవేలు పెట్టి కింది దవడ పట్టుకుని ఎత్తుతారు. కొర్రమట్టకు పళ్లుంటాయి కాబట్టి దీని నోట్లో వేలు పెడితే తెగుతుంది. బాస్ ఎండాకాలం ముందు, నీళ్లు 15 నుంచి 20 డిగ్రీల మధ్యకు వేడెక్కినప్పుడు గుడ్లు పెడుతుంది. మన చేపకు తొలకరి రావాలి.

ఈ లాగ్ నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం చెరువుకు, దాని చుట్టుపక్కల ఊరి చెరువులకు సంబంధించింది. కొత్తగా గాలం పట్టేవాళ్లూ, వాళ్లకు నేర్పేవాళ్లూ ఇద్దరూ చదవాలని రాస్తున్నాం.

గట్టు ఎక్కకముందు

చెరువులో చేప మీద హక్కు మత్స్య సహకార సంఘానిది. 2016-17లో మొదలైన ఉచిత చేపపిల్లల పథకం కింద బొచ్చె, రోహు, మృగాల, బంగారుతీగ పిల్లలను వదిలేదీ ఆ సంఘాల చెరువుల్లోనే. కాబట్టి ముందు సొసైటీ పెద్దమనిషిని కలిసి అడగాలి. ఏం పడతాం, ఎక్కడ నిలబడతాం, పట్టింది వదిలేస్తామా తీసుకుపోతామా అన్నది ముందే చెప్పాలి. పొరపాటున పొట్టకో రెక్కకో గాలం తగిలి బొచ్చె వస్తే అది వెంటనే నీళ్లలోకి పోవాలి. కొన్ని చోట్ల ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే వెనక్కి రావడమే, అక్కడ వాదన పెట్టుకోవద్దు.

రోహిణి, మృగశిర: సామాను కుదుర్చుకోవడం

కప్ప ఆడించడానికి 6 అడుగుల 6 అంగుళాల నుంచి 7 అడుగుల రాడ్ కావాలి, మీడియం హెవీ, ఫాస్ట్ యాక్షన్, అంటే కొంచెం గట్టిది, కొన దగ్గర మాత్రమే వంగేది. మెత్తటి రాడ్ మంచిది కాదు. చేపను గడ్డిలోంచి పైకి లాగాల్సిన సమయంలో రాడ్ వంగిపోతుంటే ఆ రెండు క్షణాల్లో అది జమ్ము వేళ్లకు చుట్టుకుంటుంది. దారం అల్లిన రకం, అంటే బ్రెయిడ్, 40 నుంచి 50 పౌండ్లది. గడ్డి మీద కప్ప ఆడించేటప్పుడు లీడర్, అంటే దారం చివర కట్టే వేరే దారం ముక్క, అక్కర్లేదు, బ్రెయిడ్‌ను పాలోమర్ ముడితో నేరుగా కప్ప ముక్కు దగ్గరున్న గాలం కన్నుకు కట్టేయొచ్చు. రాళ్ల దగ్గర టెక్సస్ రిగ్ వేస్తే మాత్రం రెండు అడుగుల ఫ్లోరోకార్బన్ లీడర్ ఉండాలి. బ్రెయిడ్ రాయికి రాసుకుంటే చాలా తొందరగా తెగుతుంది.

బ్రెయిడ్‌ను ఖాళీ స్పూల్ (రీల్‌లో దారం చుట్టే చక్రం) మీద నేరుగా చుట్టొద్దు. లోహం మీద అది జారుతుంది. చేప లాగినప్పుడు దారం మొత్తం స్పూల్ మీదే గిర్రున తిరుగుతుంటే చాలామంది డ్రాగ్ (చేప గట్టిగా లాగితే దారం వదిలే బిగింపు) పాడైందనుకుని బిగిస్తూ పోతారు. అడుగున 5 నుంచి 10 మీటర్ల మామూలు నైలాన్ దారం చుట్టి, దానికి డబుల్ యూనీ ముడితో బ్రెయిడ్ కడితే ఆ గొడవ ఉండదు. స్పూల్ అంచుకు 2, 3 మిల్లీమీటర్లు తక్కువగా నింపి ఆపాలి.

కొత్తవాళ్లకు స్పిన్నింగ్ రీల్ ఇవ్వడమే మేలని మా అభిప్రాయం, 3000 లేదా 4000 సైజు. బెయిట్‌కాస్టర్, అంటే వేసేటప్పుడు స్పూలే తిరుగుతూ దారం వదిలే రీల్, ఇస్తే మొదటి రోజంతా దారం చిక్కు తీయడానికే పోతుంది, చెరువు చూసినట్టే ఉండదు.

ఆరుద్ర నుంచి ఆశ్లేష: గాలం ఆపిన కాలం

తొలకరి పడ్డాక కొర్రమట్ట లోతు తక్కువ ఉన్న అంచుల్లో, గడ్డి మధ్య చిన్న జాగా చేసుకుని గుడ్లు పెడుతుంది. పిల్లలు నారింజ ఎరుపులో, గుంపుగా ముద్దలా నీటి పైపైన కదులుతుంటాయి. వాటి కిందే తల్లీతండ్రీ కాపలా. ఆ ముద్ద మీద కప్ప వేస్తే చేప తప్పకుండా కొడుతుంది. అది ఆకలితో కాదు, పిల్లల్ని కాపాడుకోవడానికి. కాపలా చేపను లేపేస్తే కాసేపట్లోనే పరకలూ జిలేబీ చేపలూ ఆ పిల్లల్ని తినేస్తాయి. అందుకే ఎర్రటి ముద్ద కనిపించిన చోట రాడ్ ఎత్తం, పక్కవాళ్లకూ చెబుతాం. పెద్ద చేప కోసం ఇదే సరైన అదను అని వాదించేవాళ్లు ఉంటారు. వచ్చే మూడేళ్ల చేపను ఒక్క పూటలో పట్టుకుపోవడమది.

ఈ రోజుల్లో పని పొలం గట్టు మీద. గాలం తీసేసిన 10 గ్రాముల బరువు కట్టి, పాత టైరును ముందు 10 మీటర్ల దూరంలో, తర్వాత 15 మీటర్లలో పెట్టి అందులో వేయడం. దూరం వేయడం కంటే గురి ముఖ్యం. చేప ఉన్న సందు బిందె మూతి అంత వెడల్పే ఉంటుంది.

బెయిట్‌కాస్టర్ నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్నవాళ్లకు సర్దుబాటు ఇలా. రాడ్ అడ్డంగా పట్టుకుని బటన్ నొక్కితే బరువు మెల్లగా దిగాలి, నేలను తాకగానే స్పూల్ ఆగాలి. ఆగకుండా తిరిగితే పక్కనున్న టెన్షన్ నాబ్ కొంచెం బిగించాలి. మ్యాగ్నెట్ బ్రేక్ 10 దాకా ఉంటే 7, 8 మీద మొదలుపెట్టి చెయ్యి కుదిరినకొద్దీ తగ్గించుకోవాలి. చిక్కు పడేది ఎక్కువగా బరువు నీటిని తాకే క్షణంలోనే. బరువు ఆగిపోతుంది, స్పూల్ మాత్రం ఇంకా దారం వదులుతూనే ఉంటుంది. బొటనవేలు అంతకు ముందే స్పూల్ మీద ఆనాలి. ఎదురుగాలికి బ్రేక్ ఒక అంకె పెంచాలి.

పుబ్బ, ఉత్తర, హస్త: రబ్బరు కప్ప

పిల్లలు విడిపోయి, అంచుల్లో గడ్డి ఏపుగా లేచిన కాలం ఇది. అసలు పాఠం ఇక్కడే.

కొత్త కప్పను ప్యాకెట్లోంచి తీసి నేరుగా వేయొద్దు. గాలం మొనలు రెండూ రబ్బరు ఒంటికి బాగా ఆనుకుని ఉంటాయి. నోస్ ప్లయర్‌తో ఒక్కో మొనను 2, 3 మిల్లీమీటర్లు బయటికి, కొంచెం పైకి వంచాలి. తర్వాత బొటనవేలితో కప్ప వీపు నొక్కి చూడాలి, మొనలు రెండూ పూర్తిగా బయటపడాలి. పడకపోతే రబ్బరు గట్టిగా ఉందన్నమాట. కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచి పిసికితే మెత్తబడుతుంది. కాళ్లు మరీ పొడుగుంటే చేప కాళ్లనే పట్టుకుని వదిలేస్తుంది, కాబట్టి సగానికి కత్తిరించాలి. రెండు కాళ్లలో ఒకటి ఒక అర అంగుళం పొట్టిగా కత్తిరిస్తే కప్ప నీటి మీద అటూ ఇటూ తల తిప్పుతూ నడుస్తుంది. నాలుగైదు చేపలు కొట్టాక ముక్కు దగ్గర నీళ్లు లోపలికి పోయి కప్ప మునగడం మొదలవుతుంది. పిండి ఆరబెట్టి, గాలం కన్ను బయటికొచ్చే చోట ఫెవిక్విక్ చుక్క వేస్తే సరిపోతుంది.

వేసేటప్పుడు చేప ఉందనుకున్న చోట వేయకూడదు, దాన్ని దాటించి రెండు మీటర్లు అవతల వేయాలి. కొర్రమట్ట గాలి కోసం పైకొచ్చినప్పుడు గుటక వేసినట్టు చిన్న శబ్దం వస్తుంది, నీటి మీద వలయం కనబడుతుంది. ఆ వలయంలోనే కప్ప పడేస్తే చేప బెదిరి లోతుకు పోతుంది. అవతల గడ్డి మీద దించి, రాడ్ కొన నీటివైపు వంచి, దారంలో కొంచెం వదులు ఉంచి, చిన్న చిన్న కుదుపులతో తీసుకురావాలి. గడ్డి మీద ఆపకుండా నడిపించి, సందు రాగానే ఆపాలి. అక్కడ మూడు, నాలుగు సెకన్లు కదపొద్దు.

కొట్టింది. నీళ్లు ఎగిశాయి. చెయ్యి అప్పుడే రాడ్ ఎత్తాలని చూస్తుంది. ఎత్తితే కప్ప ఖాళీగా గాల్లోకి లేచి మొహం మీదికి వస్తుంది. కొర్రమట్ట ముందు కప్పను పట్టి కిందికి లాగుతుంది, తర్వాతే నోరు మూసి తిరుగుతుంది. చప్పుడు విని కొట్టొద్దు, అంటే రాడ్ ఎత్తి గాలం గుచ్చొద్దు, బరువు తగిలాక కొట్టాలి. రీల్ తిప్పుతూ వదులు తీసేసి, దారం బిగిసి ఆ బరువు రాడ్ కొనలో తెలిసినప్పుడు రెండు చేతులతో పైకి ఎత్తాలి. ఎత్తిన రాడ్‌ను దించకుండా చేప తలను గడ్డి మీదికి తీసుకురావాలి. డ్రాగ్ దాదాపు బిగించే ఉంచాలి, ఇక్కడ చేపను ఆడించడానికి జాగా లేదు.

చేప తప్పినా కప్పను వెంటనే లాగేసుకోవద్దు. అక్కడే వదిలేసి ఒకసారి సన్నగా వణికించాలి, తరచుగా మళ్లీ వస్తుంది. రెండోసారి కూడా తప్పితే అదే సందులో టెక్సస్ రిగ్ దించి చూడాలి.

నేర్పేవాళ్లకు

కొత్తవాళ్ల చేతిలో చేప తప్పినప్పుడు వెనక నిలబడినవాళ్లు చేసే మొదటి తప్పు “అరే, కొట్టు కొట్టు!” అని అరవడం. ఆ అరుపు విని అతను వచ్చేసారి ఇంకా ముందే ఎత్తుతాడు. అరవకుండా, చేప తప్పాక “ఏమైంది తమ్మీ, బరువు తగిలిందా?” అని అడిగితే చాలు. చప్పుడుకు ఎత్తానని అతనే చెబుతాడు. రెండో తప్పు రాడ్ చేతిలోంచి లాక్కోవడం. చేప పోయినా సరే, పట్టు అతనిదే కావాలి.

ఒక పూటకు ఒకటే దిద్దాలి. ఇవాళ గురి అంటే గురే, ముడి గురించి మాట్లాడొద్దు. చిక్కుపడ్డ దారాన్ని అతన్నే తీయనివ్వాలి. బెయిట్‌కాస్టర్‌లో అయితే బొటనవేలితో స్పూల్‌ను గట్టిగా నొక్కుతూ రెండు మూడు చుట్లు రీల్ తిప్పి, తర్వాత బటన్ నొక్కి దారం మెల్లగా లాగమని చెబితే సగం చిక్కులు వాటంతట అవే విడిపోతాయి. కత్తెర చివరికి.

నిలబడటం కూడా నేర్పాలి. వేసేవాళ్లకు ఇద్దరి మధ్య కనీసం ఒక రాడ్ పొడవున్నర జాగా, వెనక ఎవరూ ఉండకూడదు. తప్పిన కప్ప తుపాకీ గుండులా వెనక్కి వస్తుంది కాబట్టి కళ్లద్దాలు, టోపీ తప్పనిసరి. చూసే పిల్లలను వేసేవాడి వెనక కాదు, పక్కకు బాగా దూరంగా, ఎత్తైన గట్టు మీద కూర్చోబెట్టాలి.

చెరువు మనొక్కరిదే కాదు. బర్రెలు దిగుతాయి, పిల్లలు ఈదుతారు, బెండు గాలం వేసుకున్న పెద్దాయన పొద్దుగాల నుంచి ఒకే చోట కూర్చుని ఉంటాడు. ఆయన బెండు ముందు కప్పను చప్పుడుతో నడిపిస్తే ఆయన ఓపికంతా గంగపాలు. కనీసం 20 మీటర్లు అవతలికి పోవాలి. థర్మాకోల్ ముక్కలు వరసగా తేలుతుంటే అక్కడ వల ఉన్నట్టే. “తమ్మీ, వల ఉంది, జర పక్కకు వెయ్యి” అని ముందే చెబుతారు. గాలం వలలో చిక్కితే గుంజొద్దు, కోయాల్సి వస్తే మన దారమే కోయాలి. కప్ప ధర మూడు, నాలుగు వందలు, వల చిరిగితే ఆ ఇంటికి ఆ రోజు పని పోయినట్టే.

చిత్త, స్వాతి: రాతి కట్ట, టెక్సస్ రిగ్

ఉదయసముద్రం నీళ్లు వానతోనే రావు. నాగార్జునసాగర్ నుంచి ఏఎమ్మార్పీ (అలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) ద్వారా ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు ఇక్కడికి చేరి కాలువలకు పోతాయి. అందుకని నీటిమట్టం మబ్బుతో సంబంధం లేకుండా పెరుగుతుంది, తగ్గుతుంది. పెరుగుతుంటే చేప కొత్తగా మునిగిన గడ్డిలోకి ఎగబాకుతుంది, కప్ప బాగా పనిచేస్తుంది. తగ్గుతుంటే గడ్డి వదిలి మొదటి లోతు అంచుకు దిగుతుంది. గట్టు రాయి మీద తడి గీత చూస్తే తెలుస్తుంది. నీటికి ఒక బెత్తెడు పైదాకా రాయి తడిగా ఉందంటే మట్టం దిగుతోంది, కప్ప పెట్టెలో పెట్టేయొచ్చు.

అప్పుడు 5 నుంచి 7 గ్రాముల బుల్లెట్ ఆకారపు సీసం, 3/0 సైజు ఆఫ్‌సెట్ గాలం (కన్ను దగ్గర మెలిక ఉండేది), 4, 5 అంగుళాల మెత్తటి ప్లాస్టిక్ పురుగు. గాలం మొనను పురుగు ముక్కులో అర సెంటీమీటరు దించి పక్కనుంచి తీయాలి. గాలం కన్ను దాకా జరిపి, సగం చుట్టు తిప్పి, గాలాన్ని పురుగు పక్కన ఆనించి ఎక్కడికి వస్తుందో చూసుకుని, అక్కడే అడ్డంగా గుచ్చాలి. మొన పైకొచ్చాక చర్మం కింద సన్నగా దాచాలి. పురుగు నిటారుగా ఉండాలి. కొంచెం వంకరున్నా నీళ్లలో గిరగిరా తిరిగి దారం మెలిపడుతుంది. కొత్తవాళ్లకు చేప తగలకపోవడానికి సగం కారణం ఈ వంకరే.

వేశాక సీసం అడుగు తాకేదాకా దారం వదలాలి. రాడ్‌ను గడియారం ముల్లులా 9 అంకె నుంచి 11 అంకె దాకా మెల్లగా ఎత్తి, దించుతూ వదులు చుట్టుకోవాలి. లాగేది రాడ్‌తో, చుట్టేది రీల్‌తో, రెండూ కలపొద్దు. రాయి తగిలితే టక్కుమంటుంది, చేప పడితే రబ్బరు లాగినట్టు మెత్తగా బరువెక్కుతుంది. కట్ట రాళ్ల మీద నాచు బాగా జారుతుంది, నీటి అంచు దాకా దిగొద్దు.

చేప వచ్చాక తడి గుడ్డతో తల వెనక పట్టుకోవాలి, లేదా ఫిష్ గ్రిప్‌తో దవడ. బార్బ్ (గాలం మొన వెనక ఉండే ముల్లు) ముందే ప్లయర్‌తో నొక్కేసి ఉంటే గాలం ఒక్క తిప్పుకు వచ్చేస్తుంది. కొర్రమట్ట బయట చాలాసేపు బతుకుతుంది కదా అని ఎండిన మట్టి మీద పడేసి ఫోటోలు తీయొద్దు. ఒంటి మీది జిగురు పోతే దానికి పుండ్లు పడతాయి.

చలికాలానికి

విశాఖ కార్తె దాటాక పొద్దుగాల కొర్రమట్ట మొద్దుబారి ఉంటుంది, 10 గంటల తర్వాతే పోవడం మంచిది. దక్షిణం నుంచి ఎండ తగిలే ఉత్తరం అంచుల్లో, ఎండిన జమ్ము పక్కన, 10 గ్రాముల స్పిన్నర్‌బెయిట్ రెక్క ఆగిపోకుండా తిరిగేంత నెమ్మదిగా చుట్టాలి. కొత్తగా చేరేవాళ్లు ఈసారి రావడానికి ముందు పాలోమర్ ముడి కళ్లు మూసుకుని కట్టేదాకా ఇంట్లో సాధన చేసి రండి. ముడి బిగించేటప్పుడు ఉమ్మితో తడపాలి, తోకను 3 మిల్లీమీటర్లు వదలాలి. రాడ్, రీల్ మా దగ్గర రెండు అదనంగా ఉన్నాయి. ప్లయర్, టోపీ, కళ్లద్దాలు మాత్రం ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి.